పప్పు తింటే కుట్లు చీము పడతాయా?

ఆపరేషన్ అయిన మనిషికి పప్పు పెట్టకూడదంటారు, ఎందుకని? ఎప్పుడైనా మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి చూశారా? మా వైపు అడిగితే వచ్చే జవాబు ఒకటే. "చీము పడుతుందే తల్లీ" అంటారు. పప్పు పచ్చగా చిక్కగా ఉంటుంది, చీమూ అలాగే ఉంటుంది, కాబట్టి ఇది తింటే అది పడుతుంది. ఇంతకు మించిన కారణం నాకు ఎవ్వరూ చెప్పలేదు. పోనీ పప్పుతో ఆగుతుందా అంటే ఆగదు. గుడ్డు వేడి. పెరుగు జలుబు. నిమ్మకాయ, చింతపండు పులుపు కనక పుండు మానదు. జామకాయ, బత్తాయి చలవ. వంకాయ, గోంగూరల సంగతి సరేసరి. ఇవన్నీ తీసేశాక కంచంలో మిగిలేది పాతబియ్యం అన్నం, నెయ్యి, వెల్లుల్లికారం, ఓ బీరకాయ ముక్క. రాత్రికి పాలూ, బ్రెడ్డూ.

పథ్యం అనగానే కొట్టిపారేసే మనిషిని కాను నేను. జ్వరం తగ్గి నోరు చప్పబడ్డప్పుడు వేడన్నంలోకి పాత చింతకాయ పచ్చడి తగిలితే ప్రాణం లేచొస్తుందని చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. కానీ కుట్లు పడ్డ ఒంటికి ఇదే పథ్యం పెట్టచ్చా అన్న ప్రశ్న 2022 కార్తీకంలో మా ఇంట్లో పెద్ద రగడే తెచ్చింది. ఆ పుణ్యమా అని గాయం ఎలా మానుతుందో కాస్త కూలంకషంగా తెలుసుకున్నాను. తెలుసుకున్నకొద్దీ ఆశ్చర్యం వేసింది. అందుకే ఇది రాస్తున్నాను.

మా చెల్లికి అది రెండో కాన్పు. మొదటిదీ ఆపరేషనే, ఇదీ ఆపరేషనే. పురిటికి పుట్టింటికి, తెనాలికి తీసుకొచ్చారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అందుకని పురిటిపని చూడ్డానికి మా పెద్దమ్మ వచ్చింది. పెద్దమ్మకి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆవిడ చేతిమీదుగా మా బంధువుల్లో ఎంతమంది బాలింతలు తేరుకుని అత్తారిళ్ళకి వెళ్ళారో లెక్కలేదు. ఆవిడ మాటకి ఎదురుచెప్పేవాళ్ళు మా ఇంట్లో లేరు. కాయం ముద్ద, శొంఠి, వాము, వేన్నీళ్ళు, అన్నీ పద్ధతిగా జరిగిపోతున్నాయి. తొమ్మిదో రోజున చెల్లి చీర కుచ్చిళ్ళ దగ్గర తడి కనిపించింది. చూస్తే కుట్లలో ఒక కొసన రెండంగుళాల మేర విడిపోయి ఎర్రటి నీరు కారుతోంది.

ఆస్పత్రికి పరిగెత్తాం. డాక్టరమ్మ కేకలెయ్యలేదు. గాయం కడిగి కట్టుకట్టి, మందులు రాసి, రక్తపరీక్ష చేయించారు. హీమోగ్లోబిన్ ఎనిమిదిన్నర. అప్పుడడిగారు, "ఏం తింటోందండీ?" అని. పెద్దమ్మ గర్వంగా జాబితా అంతా చెప్పింది. డాక్టరమ్మ నవ్వి మందుల చీటీలో కిందివైపు, మాత్రలు రాసినట్టే వరసగా రాశారు: గుడ్డు రెండుపూటలా, పప్పు, పెరుగు, నిమ్మకాయ, జామకాయ. "కుట్లు విడిపోవడానికి సవాలక్ష కారణాలుంటాయమ్మా. క్రిములు చేరచ్చు, రక్తం తక్కువ కావచ్చు, దగ్గు రావచ్చు. తిండి వల్లే అని నేననను. కానీ వీటన్నిట్లో మీ చేతుల్లో ఉన్నది తిండి ఒక్కటే" అన్నారు.

ఆ చీటీని పెద్దమ్మ మడిచి బొడ్లో దోపుకుంది. పప్పు మాత్రం వండనివ్వలేదు.

మా ఆడపడుచు కొడుకు మెడిసిన్ చదువుతున్నాడు. వాడికి ఫోన్ చేసి, "పెద్దమ్మకి ఏం చెప్పాలో చెప్పరా" అంటే వాడు నన్నే ఎదురు ప్రశ్న వేశాడు. "అత్తయ్యా, డాక్టరు వేసిన దారం కొన్నాళ్ళకి తీసేస్తారు, లేదా లోపలే కరిగిపోతుంది. మరి ఆ తర్వాత పొట్టని పట్టి ఉంచేదేమిటి?"

ఆలోచించండి. నిజమే కదా!

మన ఒళ్ళంతా కణాలతో కట్టిందని చిన్నప్పుడు చదువుకున్నాం. ఇటుక పక్కన ఇటుకలాగా కణం పక్కన కణం అనుకుంటాం. చర్మం పైపొర వరకూ అది కొంత నిజమే. ఆ కిందకి వెళితే కణాలు ఒకదానికొకటి ఎడంగా ఉంటాయి. ఆ ఎడమంతా ఖాళీ కాదు. కణాలే తమ చుట్టూ ఒక అల్లిక అల్లుకుని, అందులో తాము కూర్చుంటాయి. దీన్ని ఎక్స్‌ట్రాసెల్యులార్ మ్యాట్రిక్స్ అంటారట. నోరు తిరగని ఆ పేరు పక్కనపెట్టి మనం అల్లిక అనే అనుకుందాం. చర్మానికి బిగువు, కీళ్ళకి గట్టిదనం, రక్తనాళాల గోడలకి సత్తువ, ఎముకలో సున్నం పట్టి ఉండడానికి ఆధారం, అన్నీ ఈ అల్లికే. ఇందులో ముఖ్యమైన దారం పేరు కొల్లాజెన్. మన ఒంట్లోని మాంసకృత్తులన్నీ కలిపి తూకం వేస్తే అందులో పావు నుంచి మూడోవంతు దాకా ఇదే ఉంటుంది.

కత్తి పెట్టి కోసినప్పుడు తెగేది ఈ అల్లిక. మళ్ళీ అల్లుకోవాల్సిందీ ఇదే. డాక్టరు వేసే కుట్టు, అల్లిక పూర్తయ్యేదాకా రెండు అంచుల్నీ దగ్గరగా పట్టి ఉంచే తాత్కాలికపు ఏర్పాటు మాత్రమే. అసలు నేత లోపల జరగాలి.

అదెలా జరుగుతుందో వాడు చెప్పినదీ, ఆ తర్వాత నేను పుస్తకాల్లో చదివినదీ కలిపి చెబుతాను. ముందు రక్తం గడ్డకట్టి గాయాన్ని పూడుస్తుంది. ఆ గడ్డలో ఫైబ్రోనెక్టిన్ అనే ఒక మాంసకృత్తి ఉంటుంది. మన రక్తంలో అది ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది గానీ, అక్కడ దారంగా మారదు. మడతపెట్టిన చీరలాగా ముడుచుకుని ఉంటుంది. మూడు నాలుగు రోజులకి ఫైబ్రోబ్లాస్టులనే కణాలు, వీటిని నేతకణాలు అనుకుందాం, గాయంలోకి పాకుతూ వస్తాయి. వచ్చి, ఆ ఫైబ్రోనెక్టిన్‌ని చేత్తో పట్టుకున్నట్టు పట్టుకుని లాగుతాయి. నిజంగానే లాగుతాయి. లాగితే మడత విడుతుంది. విడితే లోపల దాగున్న అతుకులు బయటపడి, ఒకదానికొకటి తగులుకుని పోగులవుతాయి. ఇలా గాయమంతా పోగులు పరుచుకుంటాయి. బీరపాదు పెట్టేముందు పందిరి వేస్తాం చూడండి, ఇది ఆ పందిరి. దీన్ని ఆసరా చేసుకునే తర్వాత కొల్లాజెన్ వచ్చి అల్లుకుంటుంది.

ఇక కొల్లాజెన్ తయారీ. ఇది మరీ ముచ్చటగా ఉంటుంది. నేతకణం లోపల ముందు విడివిడి పోగులు తయారవుతాయి. ఒక్కో పోగులో వెయ్యికి పైగా పూసలు. పూసలంటే అమైనో ఆమ్లాలు, మనం తిన్న పప్పూ గుడ్డూ పాలూ అరిగి ముక్కలైతే వచ్చేవి. ఈ దండలో ప్రతి మూడోదీ గ్లైసిన్ అనే పూసే, అన్నిటికన్నా చిన్నది. ఎందుకంటే మూడు పోగుల్ని కలిపి బిగించి పురి తిప్పాలి. పురి మధ్యలో చోటు బొత్తిగా ఉండదు, అంత చిన్న పూసైతేనే ఇముడుతుంది. ఆ చోట ఇంకో పెద్ద పూస పడితే ఎముకలు పుల్లల్లా విరిగిపోయే జబ్బుతో పుట్టే పిల్లలున్నారంటే ఈ ఏర్పాటు ఎంత సున్నితమో చూడండి.

పోగులు తయారయ్యాక, పురి తిప్పేముందు, ప్రోలిన్ అనే కొన్ని పూసలకి ఒక చిన్న కొక్కెంలాంటిది తగిలించాలి. ఆ కొక్కేలుంటేనే ముప్పేట తాడు పురి విడకుండా నిలుస్తుంది. లేకపోతే 24 డిగ్రీల వేడికే వదులైపోతుందని లెక్కగట్టారు. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. అంటే కొక్కెం లేని తాడు మన ఒంట్లో తాడుగా నిలవనే నిలవదు. ఈ కొక్కేలు తగిలించే ఎంజైములో ఒక ఇనుము అణువుంది. పనిచేస్తూ చేస్తూ ఆ ఇనుము చెడుతుంది. దాన్ని మళ్ళీ పనికొచ్చేలా చేసేది విటమిన్ సి. తుప్పుపట్టిన అట్లపెనాన్ని నిమ్మచెక్క పెట్టి రుద్దుతాం చూడండి, ఇంచుమించు అలాంటి పనే. పులుపు తింటే పుండు మానదనే మన ఇళ్ళలో ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

ముప్పేట తాడు సిద్ధమైంది. కానీ కణం దాన్ని లోపలే అల్లకూడదు. పాకం మూకుట్లోనే ముదిరిపోతే ఇక పళ్ళెంలో పరిచేదేముంటుంది? అందుకని తాడుకి రెండు కొసలా బొడిపెల్లాంటివి ఉంచుతుంది. అవి ఉన్నంతసేపూ తాళ్ళు ఒకదానికొకటి అతుక్కోవు. కణం వాటిని బయటికి పంపాక కత్తెరల్లాంటి ఎంజైములు ఆ బొడిపెల్ని కత్తిరిస్తాయి. అప్పుడు తాళ్ళు వాటంతటవే పక్కపక్కన చేరతాయి. ఒక్కో తాడు పొడవు మిల్లీమీటరులో సుమారు మూడువేలో వంతు. అవి కొసలన్నీ సమానంగా పెట్టుకుని చేరవు, ఒకదానికన్నా ఒకటి కాస్త ముందుకి జరిగి చేరతాయి. కోనసీమలో కొబ్బరి తాడు పేనేవాళ్ళని చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పీచులన్నీ ఒక్కచోటే ముగిస్తే తాడు అక్కడే తెగుతుందని ముందు వెనకలుగా వేస్తారు. ఆఖరున రాగి ఉన్న మరో ఎంజైము వచ్చి తాడుకీ తాడుకీ మధ్య ముళ్ళు వేస్తుంది. ఇక అది తేలిగ్గా తెగదు.

ఇదంతా కళ్ళకి కనిపించేది కాదు కదా, నమ్మడం ఎలా అంటారేమో. మాంసం వండే ఇళ్ళలో రోజూ కనిపించేదే. మేక కాళ్ళు గంటల తరబడి ఉడికిస్తే పులుసు జిగురొస్తుంది. మిగిలింది ఫ్రిజ్జులో పెడితే తెల్లారేసరికి తొణక్కుండా పేరుకుంటుంది. కాళ్ళలోని కొల్లాజెన్ ముప్పేట తాళ్ళు వేడికి పురి విడిపోయి పులుసులో కలిశాయన్న మాట. చల్లారగానే ఆ విడిపోయిన పోగులు అక్కడక్కడా మళ్ళీ మెలేసుకుని, నీళ్ళని తమ మధ్య పట్టేసుకున్నాయి. జెలటిన్ అంటే ఇదే. మళ్ళీ పొయ్యి మీద పెట్టండి, పురి విడి నీళ్ళవుతుంది.

ఈ ముప్పేట సంగతి కనిపెట్టింది ఏ అమెరికా వాళ్ళో అనుకుంటాం. కాదండీ, మన పక్కనున్న మద్రాసులో. అక్కడి విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పిన జి.ఎన్. రామచంద్రన్ గారూ, ఆయన సహచరుడు గోపీనాథ్ కర్తా గారూ కొల్లాజెన్ మూడు పేటల తాడని 1954లో ప్రకటించి, మరుసటి ఏడు ఆ నమూనాని ఇంకా సరిచేశారు. పరీక్షకి కావలసిన కొల్లాజెన్ వాళ్ళకి దొరికింది దగ్గర్లోనే ఉన్న తోళ్ళ పరిశోధనాలయంలో. కంగారూ తోకలోని నరం! తోలంటే మరేమిటి, పూర్తిగా కొల్లాజెన్ అల్లికే కదా. పచ్చి తోలు కుళ్ళకుండా తంగేడు చెక్కతో ఊనడమంటే ఆ అల్లికకి బయటినుంచి మరికొన్ని ముళ్ళు వేయడమే. ఆ తోళ్ళ పరిశోధనాలయానికి 1958 నుంచి డైరెక్టరుగా ఉండి ప్రపంచానికంతా పేరు తెలిసిన యలవర్తి నాయుడమ్మ గారిది మా తెనాలి దగ్గర యలవర్రు. రామచంద్రన్ గారూ ఆయనా ఇద్దరూ 1922లోనే పుట్టారు. 1985లో కనిష్క విమాన ప్రమాదంలో నాయుడమ్మ గారు పోయారని పేపర్లో వచ్చిన రోజున మా నాన్న అన్నం తినకపోవడం నాకింకా గుర్తు. ఈ ముక్క ఇక్కడ అవసరం లేదేమో గానీ రాయకుండా ఉండలేకపోయాను.

విటమిన్ సి సంగతికి వస్తాను. పూర్వం నెలల తరబడి ఓడల్లో తిరిగే నావికులకి స్కర్వీ వచ్చేదని అందరికీ తెలుసు. చిగుళ్ళనుంచి రక్తం కారేదనీ తెలుసు. నన్ను నిలువునా కదిలించిన విషయం వేరే ఉంది. 1740లో ఆన్సన్ అనే ఇంగ్లీషు నౌకాధిపతి బయల్దేరదీసిన ఓడల్లో ఒక ముసలి నావికుడికి యాభై ఏళ్ళ కిందట యుద్ధంలో తగిలి, ఎప్పుడో మానిపోయిన గాయాలు స్కర్వీ వచ్చాక మళ్ళీ విచ్చుకున్నాయట. యాభై ఏళ్ళు! అంటే గాయం ఒకసారి మాని ఊరుకునేది కాదన్న మాట. మచ్చ ఉన్నచోట పాత దారం తీసేసి కొత్త దారం వేసే పని జీవితాంతం సాగుతూనే ఉంటుంది. కొత్త దారం రావడం ఆగితే పాత గాయం కూడా నోరు తెరుస్తుంది.

ఇంకొకాయన కథ వినండి. 1939లో అమెరికాలో జాన్ క్రాండన్ అనే కుర్ర సర్జన్, విటమిన్ సి లేకపోతే ఏమవుతుందో చూద్దామని తన మీదే ప్రయోగం పెట్టుకున్నాడు. ఆరు నెలల పాటు పళ్ళూ కూరగాయలూ ముట్టలేదు. రొట్టె, జున్ను, గుడ్లలాంటివి తిన్నాడు. మూడు నెలలకి వీపు మీద కోయించుకుంటే గాయం మామూలుగానే మానింది. ఆరు నెలలకి మళ్ళీ కోయించుకుంటే పైన చర్మం కలిసింది గానీ లోపల అల్లుకోలేదు. విటమిన్ సి ఎక్కించాక, అదే మనిషికి, అదీ మానింది. జున్నూ గుడ్లూ తిన్నాడు కనక పూసలకి లోటు లేదు. కొక్కేలు తగిలించే చెయ్యే ఆగిపోయింది.

ఈ కథలో మనకి రెండు సంగతులున్నాయి. మూడు నెలలదాకా ఏమీ కాలేదంటే, శుభ్రంగా తిని కాన్పుకి వచ్చిన మనిషికి పదిరోజులు నిమ్మకాయ మానిపిస్తే కొంపలేం మునగవు. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. కానీ మన ఆడవాళ్ళు శుభ్రంగా తిని వస్తున్నారా? 2019-21లో దేశమంతా జరిగిన కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. అందరికీ వడ్డించి, మిగిలిందేదో తిని, తొమ్మిది నెలలు మోసి, కడుపు కోయించుకుని, ఆ పైన నలభై రోజుల పథ్యం. మేకలూ కుక్కలూ తమకి కావలసిన విటమిన్ సి తమ ఒంట్లోనే చేసుకుంటాయి. మనిషికి ఆ భాగ్యం లేదు, నోటితో తినాల్సిందే.

ఇదంతా పెద్దమ్మకి చెప్పాలి. ఎంజైములూ గ్లైసిన్లూ ఆవిడ దగ్గర పారవు. నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. మా చెల్లి బరువు 58 కిలోలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వేసిన లెక్క ప్రకారం అంత బరువున్న మనిషికి రోజుకి 48 గ్రాముల మాంసకృత్తులు కావాలి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరునెలలూ ఇంకో 17 గ్రాములు. మొత్తం 65. ఆవిడ పెడుతున్న అన్నం, పాలు, బ్రెడ్డు కలిపితే నలభైకి మించడం లేదు. "నువ్వు జాకెట్టుకి మీటరు గుడ్డ కావాలంటే అరమీటరుంపావు ఇచ్చి కుట్టమంటున్నావు పెద్దమ్మా" అన్నాను. ఆవిడ ఒకప్పుడు కుట్టుమిషను తొక్కిన మనిషి. చాలాసేపు మాట్లాడలేదు.

సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "పప్పంటే కందిపప్పు కాదు, పెసరపప్పు కడతాను. అదైతే తేలిక" అంది. కాదనడానికి నేనెవరిని? రెండిట్లోనూ మాంసకృత్తులు ఇంచుమించు సమానమే, నూరు గ్రాములకి 22 పైచిలుకు. గుడ్డు మటుకు ఉడకబెట్టి, మిరియాలు జల్లి, "వేడి విరిగిపోతుంది" అంటూ పెట్టింది. పెరుగుకి ఒప్పుకోలేదు. మజ్జిగలో శొంఠి వేసి ఇచ్చింది. జామకాయ దగ్గర పెద్ద గొడవే అయింది. చంటిపిల్లకి రొంప చేస్తుందంటుంది. నిజానికి నూరు గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాముల పైనే విటమిన్ సి ఉంటుంది. పాలిచ్చే తల్లికి రోజుకి కావలసింది 115. ఒక్క కాయ చాలు. చివరికి ఆవిడే దారి చూపింది. "ఉసిరికాయ పెడతానే, కార్తీకమాసం కదా, పథ్యానికి ఉసిరి మంచిదేగా" అంది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఉసిరికాయలో జామకాయ కంటే ఎక్కువే ఉంటుంది. పచ్చి ఉసిరికాయ తురిమి, ఉప్పూ కాస్త జీలకర్రపొడీ కలిపి, అన్నంలో మొదటి ముద్దకి పెట్టేది. పొయ్యి ఎక్కించకుండా పెట్టడం ముఖ్యం, ఎక్కువసేపు ఉడికిస్తే విటమిన్ సి పోతుంది. ఆదివారం మాత్రం ఉసిరి ముట్టనివ్వలేదు. ఆ ఒక్కరోజూ పెసరపప్పు దింపాక నిమ్మకాయ పిండుకునేందుకు ఒప్పందం కుదిరింది.

చెల్లి గాయం పూడడానికి మూడు వారాలు పైగా పట్టింది. రోజు విడిచి రోజు కట్టు మార్చిన నర్సమ్మా, మందులూ, ఐరన్ మాత్రలూ అన్నీ కలిసి చేసిన పని అది. పప్పే మాన్పిందని నేను చెప్పను. కానీ పప్పు తిన్న ఆ మూడు వారాల్లో చీము మాత్రం చుక్క పడలేదు. పెద్దమ్మ రోజూ కట్టు విప్పినప్పుడల్లా వంగి వంగి చూసేది.

మధ్యలో మా పిన్నిగారి కోడలు హైదరాబాదు నుంచి చూడ్డానికి వస్తూ ఒక డబ్బా తెచ్చింది. కొల్లాజెన్ పొడి. పాలలో కలుపుకు తాగితే గాయం మానుతుంది, మొహం ముడతలు పోతాయి, జుట్టు పెరుగుతుందట. ఖరీదు చూస్తే కళ్ళు తిరిగాయి. పొట్టలోకి వెళ్ళిన కొల్లాజెన్ అలాగే నడుచుకుంటూ గాయం దగ్గరికి పోదండీ. పప్పులాగే, గుడ్డులాగే అరిగి పూసలు పూసలుగా విడిపోతుంది. కొన్ని చిన్న ముక్కలు రక్తంలో చేరే మాట నిజమే. చర్మానికి కాస్త మేలు కనిపించిందన్న పరీక్షలూ ఉన్నాయి, వాటిలో చాలావాటికి డబ్బు పెట్టింది ఆ పొడి అమ్మేవాళ్ళే. ఇక కొల్లాజెన్ క్రీములంటారా, అంత పెద్ద తాడు చర్మంలోంచి లోపలికి దూరనే దూరదు. పైన తేమగా ఉంచుతుంది, అంతే. ఆ పని కొబ్బరినూనె కూడా చేస్తుంది. పైగా ఆ పొడి పశువుల తోళ్ళనుంచో, చేపల పొలుసులనుంచో తీసింది. మాంసం తినని ఇళ్ళలో ఈ సంగతి తెలియకుండానే కలుపుకు తాగేస్తున్నారు.

షుగరు ఉన్నవాళ్ళకి గాయాలు నిదానంగా మానతాయి, వాళ్ళు తిండి విషయంలో డాక్టరు చెప్పిందే వినాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకి మాంసకృత్తుల లెక్క వేరు. ఇంట్లో చుట్ట, సిగరెట్టు కాల్చే మగవాళ్ళకి ఆపరేషన్ అంటే ముందే మాన్పించండి, పొగకీ గాయానికీ పడదు.

ఇంకొక్క మాట, దీని గురించి ఎవరూ చెప్పరు. పైన చర్మం కలిసిపోయి కుట్లు తీసేయగానే మనవాళ్ళు మనిషి బాగుపడిందనుకుంటారు. లోపల నేత అప్పటికి ఇంకా పలచగానే ఉంటుంది. మొదట హడావిడిగా వేసిన సన్నదారాలు తీసేసి, గట్టి దారాలు వేసి, ముళ్ళు బిగించడానికి నెలలు పడుతుంది. మూడు వారాలకి ఆ చోటికి వచ్చే బలం మామూలు చర్మానికి ఉండేదాంట్లో అయిదో వంతు మాత్రమే. మూడు నెలలు దాటాక నూటికి ఎనభై వంతులు వస్తుంది. అక్కడితో సరి, మిగతా ఇరవై ఎప్పటికీ రాదు.

ఈ లెక్క నేను మా మరిదికి ఫోన్లో చెప్పాను. వాళ్ళింట్లో కింద కుళాయి, పైన వంటిల్లు. రోజూ పది బిందెలు మోసుకుంటూ మెట్లెక్కాలి. అయిదోనెలలో చెల్లి పాపతో అత్తారింటికి వెళ్ళేసరికి చిన్న మోటారు పెట్టించి, వంటింటి దాకా పైపు వేయించాడు. పెద్దమ్మ సాగనంపేటప్పుడు సంచీలో ఎండు ఉసిరిముక్కల పొట్లంతో పాటు ఒక కిలో పెసరపప్పు కూడా పెట్టింది.